టీసీ గారి గోడలో డబ్బా

దసరా సెలవులు అయిపోయి ఖరగ్‌పూర్‌లోని మా హిజ్లీ క్యాంపస్‌లో మళ్ళీ సైకిళ్ళ సందడి మొదలైన వారంలో నాకొక మెయిల్ వచ్చింది. జియోక్యాషింగ్ సైట్ నుంచి. ఆ ఆట తెలియనివాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఒకరు ఎక్కడో ఒక చిన్న డబ్బా దాచి, ఆ చోటు ఎక్కడో సైట్‌లోని మ్యాపులో పెడతారు. ఇంకెవరో, ముక్కూ ముఖం తెలియనివాళ్ళు, ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వస్తారు. దొరికితే లోపలున్న కాగితం మీద సంతకం పెట్టి, డబ్బాను ఉన్నచోటే ఉంచేసి, తర్వాత సైట్‌లో 'దొరికింది' అని నాలుగు మాటలు రాస్తారు. ఆ రాతను లాగ్ అంటారు. బహుమతి లేదు, పందెం లేదు. పనీపాటా లేనివాళ్ళ ఆట అని మా అమ్మ అంటుంది. కాదని ఆమెతో ఎప్పుడూ వాదించలేదు.

మా ఊళ్ళోనే తాల్‌బగీచా పేటలోని ఒక డబ్బా దొరకడం లేదని వరసగా చాలామంది రాశారట. ఓనర్ నుంచి ఉలుకూ పలుకూ లేదట. నెల రోజుల్లో ఓనర్ వెళ్ళి చూసి సరిచేయకపోతే ఆర్కైవ్ చేస్తాం, అంటే మూసేస్తాం, అని సైట్ తరఫున డబ్బాల మంచిచెడ్డలు చూసే రివ్యూయర్ రాశాడు. ఆ పేజీని నేను వాచ్‌లిస్టులో పెట్టుకున్నాను కాబట్టి నాకూ కబురొచ్చింది. మర్యాదగానే రాశాడు పాపం. ఓనర్ గారు పనుల్లో తీరిక లేక చూసుకోలేదేమో అని కూడా అన్నాడు.

ఓనర్ గారు శ్రావణంలో పోయారు.

మెయిల్ మూసేశాను. నా ముందు రెండు దారులున్నాయి. ఆవిడ అకౌంట్ తెరిచిపెట్టింది నేనే, పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. లోపలికి వెళ్ళి ఆవిడ పేరుతో 'చూశాను, బాగానే ఉంది' అని రాస్తే చాలు, డబ్బా బతికిపోతుంది. కావాలంటే ఆవిడ పేరుతో నేనే బటన్ నొక్కి, డబ్బాను నా పేరుకు రాసిచ్చేసుకోవచ్చు. దత్తత ఇచ్చే సదుపాయం కూడా సైట్‌లో ఉంది. లేదా, ఆవిడ ఇక లేరని రాసి, మూసేయమని నా నోటితో నేనే చెప్పాలి. మూసేస్తే మ్యాపులో ఆ చుక్క పోతుంది. ఆ గోడ దగ్గరకు ఇక ఎవరూ రారు. ఎవరూ రాకపోవడమంటే ఆవిడకు ఎంత బెంగో తెలిసినదాన్ని నేను. అందుకే ఆ నెల గడువు నా మెడ మీద కూర్చుంది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఖరగ్‌పూర్‌లో ఆవిడను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడనూ లేదు. రైళ్ళలో టికెట్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. తెలుగువాళ్ళకు టీసీ గారు, వీధిలో ఆడవాళ్ళకు టీసీ అమ్మ, కూరల బండి బెంగాలీ అబ్బాయికి టీసీ దీదీ. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఒకసారి నోరు జారి అడిగాను. "బండి దిగితే గదా" అన్నారు.

ఆవిడ గురించి తలుచుకుంటే ముందు కనబడేది కుడి అరచెయ్యి. ఏదైనా కావాలంటే నోటితో అడగరు. అరచెయ్యి చాపుతారు. ఉప్పు డబ్బా కావాలన్నా అంతే, నా ఫోన్ కావాలన్నా అంతే. ఆలస్యంగా వచ్చిన రోజున సంజాయిషీ కావాలన్నా అదే చెయ్యి. ఇంక మాట్లాడితే వచ్చే మొదటి మాట, "ముందు సూపించు, తర్వాత మాటాడు." పక్కింటి పిల్లలు జ్వరమని బడి ఎగ్గొడితే నాలుక సూపించమనేవారు. టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి వాన పడుతుందంటే తల బయటకు పెట్టి ఆకాశాన్ని కూడా అలాగే అడిగేవారు.

మా పరిచయమూ ఆ చేతితోనే మొదలైంది. మాది ఓరుగల్లు. హిజ్లీలో లైబ్రరీ ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఆదివారాలు సైకిలేసుకుని ఊరంతా తిరిగేదాన్ని. ఒక ఆదివారం ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, పాత రైల్వే క్వార్టర్ల మధ్య ఒక సందులో, గోడ పగులులో డబ్బా పెట్టడానికి చోటు చూస్తున్నాను. వెనక నుంచి ఒక చెయ్యి నా ముందుకు వచ్చింది.

"ఏటమ్మా, ఏటి పెడతన్నావక్కడ?"

ఊరుగాని ఊళ్ళో తెలుగు వినబడితే ప్రాణం లేచొచ్చే రోజులవి. కానీ ఆ గొంతుకు ప్రాణం లేచి రాలేదు, ఉన్నది కూడా పోయింది.

"ఏం లేదండీ. డబ్బా."

"డబ్బా అనీసి నాకూ కనబడతన్నాది. సూపించు."

ఇచ్చాను. తెరిచారు. చిన్న పెన్సిలు, చుట్టిన కాగితం, ఒక కీచైన్, రెండు గోళీలు. ఒక్కొక్కటీ తీసి, వెలుగుకు పెట్టి చూశారు. ఎవరికని అడిగారు. ఎవరికైనా అన్నాను. ఎవరికైనా అంటే ఎవరికని మళ్ళీ అడిగారు. ఆటంతా చెప్పాను. ఆవిడ కనుబొమలు కిందికి దిగలేదు.

"ఎవులో తెలీనోల్లు, ఈ డబ్బా కోసం, టికెట్టు కొనుక్కోని ఇంతదూరం వత్తారా?"

"వస్తారండీ."

"ఊరికే?"

"ఊరికే."

కాసేపు డబ్బా మూత పెట్టడం, తీయడం చేశారు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తల ఎత్తి, "ఇది రైల్వే జాగా. పర్మిషనేది?" అన్నారు. "ఇక్కడ ఎవులిదో తెలీని డబ్బా కనబడితే ఏటవుతాదో తెలుసా? పోలీసోల్లు నిన్నూ డబ్బానీ ఒకే బండిలో ఎక్కిత్తారు. మీ ఆటకి రూల్సు నేవేటి?"

ఉన్నాయి. రైలు పట్టాల దగ్గరా, స్టేషన్ల దగ్గరా పెట్టకూడదని, ఎవరి జాగాలో పెడితే వాళ్ళను అడిగే పెట్టాలని సైట్‌లో రాసే ఉంది. ఖరగ్‌పూర్‌లో రైల్వేది కాని గోడ ఎక్కడుంటుందని నేను గొణిగాను.

"తాల్‌బగీచాలో నాది ఉన్నాది" అన్నారు ఆవిడ.

ఆ సాయంత్రం ఆవిడ ఇంట్లో టీ తాగుతూ సైట్‌లో ఉన్న నియమాలన్నీ తెలుగులో చదివి వినిపించాను. ఏ పరీక్షకూ అంత శ్రద్ధగా చదవలేదు. ఒక్కో నియమానికీ ఆవిడ తల ఊపేవారు, అచ్చం పాత స్నేహితురాలి కబుర్లు వింటున్నట్టు. డబ్బా పెట్టిన మనిషే దాని బాగోగులు చూసుకోవాలన్నప్పుడు "మరి?" అన్నారు. వెతకడానికి వచ్చినవాళ్ళకు దొరక్కపోతే, పాతదాని బదులు తమ డబ్బా ఇంకొకటి అక్కడ పడేసి 'దొరికింది' అని రాసుకోకూడదు అన్నప్పుడు, "అలగ్గూడా సేత్తారా మనుసులు!" అని ముక్కు మీద వేలేసుకున్నారు. సంతకం పెట్టకుండా లాగ్ రాస్తే ఓనర్ దాన్ని తీసేయవచ్చు అనే చోట మాత్రం నన్ను ఆపి, రెండోసారి చదివించుకున్నారు. ఆవిడ కళ్ళల్లో వెలుగు చూసి నాకు ముందే అర్థం కావలసింది.

ప్రహరీగోడకు మరమ్మతు చేయిస్తున్నప్పుడు మేస్త్రీతో వీధివైపు ఒక ఇటుక జాగా ఖాళీగా వదిలించారు. ఎందుకమ్మా అని అతను అడిగితే, మనుషులు వస్తారని చెప్పారట. చుట్టూ క్లిప్పులతో బిగిసే డబ్బా తెచ్చి, దాని ముఖానికి పలచగా కోసిన ఇటుక పెచ్చు అంటించాం. గోడలోకి తోసేస్తే ఎదురుగా నిలబడ్డా తెలిసేది కాదు. లోపల తేమ చేరకుండా మందుసీసాల్లో వచ్చే చిన్న పొట్లాలు వేశారు. మార్చుకోవడానికి పెట్టే వస్తువుల్లోకి నా గోళీలతోపాటు పాతకాలపు అట్ట ప్లాట్‌ఫాం టికెట్లు కొన్ని పెట్టారు. "నా సొంత డబ్బుల్తో కొన్నవే" అని నేను అడక్కముందే చెప్పారు.

ఆ తర్వాత ప్రతి సోమవారం పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, గేటు తీసుకుని బయటకు వెళ్ళి, తన గోడను తనే తనిఖీ చేసేవారు. డబ్బా తీసి, కాగితం చూసి, తుడిచి, పెట్టి, లోపలికొచ్చి సైట్‌లో ఓనర్ మెయింటెనెన్స్ అని లాగ్ రాసేవారు, ఆఫీసు ఇంగ్లీషులో. అంతా సక్రమంగా ఉంది అని. డబ్బాకు ఏదైనా అయితేనే అలా రాయాలి టీసీ గారూ, వారం వారం అక్కర్లేదు అంటే వినలేదు. "బండి పడిపోయినాకే సూత్తావేటి ట్రాకుని?" అన్నారు. ఆ పేజీ కిందికి వెళ్ళిచూస్తే వచ్చినవాళ్ళ లాగులకంటే ఆవిడ తనిఖీలే ఎక్కువ కనబడేవి.

వస్తువులు మార్చుకోవడమంటే ఏమిటో ఎదురింటి అప్పలనర్సమ్మ పిన్నికి ఆవిడే వివరించారు. పిన్ని మొగుడు వర్క్‌షాపులో పని, పిన్నికి పొద్దంతా టీసీ గారి గేటే కాలక్షేపం. "నువ్వు మా ఇంటికి గిన్నెతో కూరంపితే నేను ఖాళీ గిన్నె తిరిగిత్తానేటి? ఇదీ అంతే. ఏదో ఒకటి తీసుకుంటే ఏదో ఒకటి పెట్టాల" అన్నారు. పిన్నికి బాగా అర్థమైంది. మరీ బాగా అర్థమైంది. మర్నాడు ఎవరో వచ్చి గోళీ తీసుకెళ్ళడం చూసి, డబ్బా ఖాళీ అవుతుందేమోనని లోపల రెండు బెల్లపు ముక్కలు పెట్టింది. సోమవారం తనిఖీకి డబ్బా తెరిస్తే చీమలు బారులు కట్టి ఉన్నాయి. తిండి వస్తువులు పెట్టకూడదన్న నియమం ఎందుకుందో తాల్‌బగీచాకు ఆ రోజు తెలిసింది. "నీ మర్యాద తగలెయ్య" అని టీసీ గారు అరిస్తే, "ఎవులో అంతదూరం నుంచి వత్తే మంచినీల్లైనా ఇయ్యకుండా పంపుతామేటి?" అని పిన్ని కూడా అరిచింది. చివరకు కాగితం ఎండబెట్టే పని పిన్నే చేసింది.

ఇక కలకత్తా ముసలి దంపతుల సంగతి.

అప్పటికి డబ్బా పెట్టి ఏడాది దాటింది. ఒకరోజు నేను డ్యూటీలో ఉండగా టీసీ గారు ఫోన్ చేశారు. ఇంట్లో ఉండేది ఆవిడ ఒక్కరే, అయినా గొంతు గుసగుసగా ఉంది.

"ఓలమ్మీ, వచ్చినారు. ముసలాయన, ముసలావిడ. ఆయన టోపీ ఎట్టుకున్నాడు. ఆవిడ గోడంతా తడుముతున్నాది. ఫోనెట్టేత్తన్నాను, మల్లీ సేత్తాను."

దొరికింది. అదే సాయంత్రం లాగ్ వచ్చింది, పెద్దాయన రాశాడు. చక్కటి డబ్బా, చక్కటి వీధి అని. టీసీ గారు వెంటనే వెళ్ళి కాగితం తీసి చూశారు. సంతకం లేదు. డబ్బా ఫోటో ఒకటి మాత్రం లాగ్‌తోపాటు పెట్టారు వాళ్ళు. నేను వెళ్ళేసరికి లాగ్ తీసేసి ఉంది.

"అంత దూరం నుంచి వచ్చారండీ. డబ్బా తీశారని మీరే చూశారు కదా!" అన్నాను.

"సూసినాను. బండిలో కూకున్నోడిని కూడా సూత్తాం. సూసినామని ఒగ్గేత్తామేటి? టికెట్టుండాల."

"ఫోటో ఉంది కదా?"

"ఫోటో టికెట్టు కాదు."

ఆ రోజు నిజంగా పోట్లాడాను. అది ఆట, మీ స్క్వాడ్ చెకింగ్ కాదన్నాను. ఆవిడ అరచెయ్యి చాపి, నా సైకిల్ తాళం ఎక్కడుందో చూపించారు, వెళ్ళవచ్చని అర్థం. ఆ వారమంతా వెళ్ళలేదు.

సోమవారం తనిఖీలో అసలు విషయం బయటపడింది. డబ్బాలో పెన్సిల్ లేదు. అప్పలనర్సమ్మ పిన్ని గ్యాస్ బుక్ చేసిన తేదీ క్యాలెండర్ మీద రాసుకోవడానికి తీసుకెళ్ళి, మేకుకు వేలాడేసి మరిచిపోయింది. టీసీ గారు ఆ సాయంత్రం నన్ను పిలిపించారు. కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. సర్వీసులో ఒక్కసారి కూడా తప్పు మనిషికి ఫైన్ వేయలేదని ఎప్పుడూ చెప్పుకునే మనిషి. ముఖం చూడలేకపోయాను.

"రాయి" అన్నారు.

సైట్‌లో ఒకరికొకరు సందేశం పంపుకోవచ్చు. ఆవిడ చెబుతుంటే ఇంగ్లీషులో రాశాను. పెన్సిల్ లేకపోవడం మా తప్పు, మన్నించండి. సంతకం లేకపోవడం మాత్రం అలాగే ఉంది. మళ్ళీ వచ్చి సంతకం పెట్టగలిగితే సంతోషిస్తాను.

"మన్నించండి అన్నాక ఆ రెండోది ఎందుకండీ?" అన్నాను.

"పెన్సిలు మనకి నేదు, సంతకం వోల్లకి నేదు. ఒక తప్పు సెప్పి ఇంకోటి దాసెయ్యమంటావేటి?"

మళ్ళీ రారని నేను అనుకున్నాను. ఎవరొస్తారు? ఒక పేరు రాయడానికి, రైలెక్కి, అంత వయసులో. కానీ చలికాలంలో ఒక ఆదివారం నేను టీసీ గారింట్లో ఉల్లిపాయలు తరుగుతుండగా వీధిలో టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఆగింది. ఆవిడ నా చేతిలోంచి కత్తి లాక్కుని, నన్ను కిటికీ దగ్గరకు ఈడ్చారు. కిటికీకి వెదురు తెర. లోపలివాళ్ళు బయటకు కనబడరు. డబ్బా ఓనర్ బయటకు వెళ్ళి సాయం చేయకూడదని, వెతికేవాళ్ళ ఆట వాళ్ళను ఆడనివ్వాలని ఆవిడ గట్టి నమ్మకం. అందుకని తెర వెనకే నిలబడి చూసేవారు. అప్పటిదాకా ఆవిడ అలా చూస్తుండగా నేను ఆవిడను చూడలేదు.

బయట పెద్దాయన టోపీ సర్దుకుని గోడ ఆ చివర నుంచి మొదలుపెట్టాడు. పెద్దావిడ గేటు స్తంభం కింద వంగి చూస్తోంది. టీసీ గారు నా మణికట్టు పట్టుకున్నారు.

"అటు కాదు, అటు కాదు... ఆ... దగ్గిరికొచ్చినాడు. ఎడం సెయ్యి... ఎడం సెయ్యి ఎట్టినాడు సూడు... అబ్బా! దాటిపోయినాడు!"

గొంతు తగ్గించమని సైగ చేశాను. నవ్వు ఆపుకోలేక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదిలిపోతున్నాయి. ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేను అంతకుముందు చూడలేదు, తర్వాత కూడా మరీ ఎక్కువసార్లు చూడలేదు. బయట ఆ ఇద్దరూ గోడంతా ఇటూ అటూ తిరిగారు. చెట్టు చూశారు, గడపరాయి చూశారు, ఒకరినొకరు అడిగి చూసుకున్నారు. చివరకు పెద్దావిడ ఇటుక పెచ్చు మీద వేలు పెట్టి లాగింది. టీసీ గారు ఊపిరి వదిలారు. సంతకాలు పెట్టారు, మూత బిగించారు, డబ్బా లోపలికి తోసి, దాని మీద చేత్తో ఒకసారి తట్టి టోటో ఎక్కారు.

నాకు ఒకటి అర్థం కాలేదు. "మొదటిసారి దొరికిన చోటే కదండీ. ఇప్పుడు అంతసేపు వెతకడమేమిటి?"

"మరిసిపోయుంటారు. పెద్దోల్లు" అన్నారు టీసీ గారు, కళ్ళు తుడుచుకుంటూ. నేనూ అదే నమ్మాను.

ఆ రోజు కూర చల్లారిపోయాక తిన్నాం. తింటూ ఆవిడ ఒక మాట చెప్పారు. అప్పటివరకూ నాకు ఆవిడ పట్టుదల మాత్రమే తెలుసు.

"సర్వీసంతా నన్ను సూత్తే మనుసులు మొకం తిప్పుకునీవోల్లు. కొందరు బాత్‌రూంలో దూరీవోల్లు. టికెట్టున్నోల్లు కూడా భయపడీవోల్లు, ఎందుకో మరి. రిటైరైనాక గేటు ముందు ఒక్క మనిసి నిలబడ్డోడు నేడు. ఇప్పుడు సూడు, రైలెక్కి నన్ను ఎతుక్కోని వత్తన్నారు."

"మిమ్మల్ని కాదు టీసీ గారూ, డబ్బాను" అన్నాను ఆటపట్టిద్దామని.

"డబ్బా ఎవులిది?" అన్నారు.

చివరి ఏడాది మోకాళ్ళు, తర్వాత గుండె. మంచం కిటికీ దగ్గరకు జరిపించుకున్నారు. సోమవారం తనిఖీ నేను చేసిపెడతానంటే ఒప్పుకున్నారు కానీ, ఓనర్ చూశారని ఆవిడ పేరున రాస్తానంటే ఒప్పుకోలేదు. నేను డబ్బా తెచ్చి మంచం మీద పెడితే, ఆవిడే తెరిచి, ఆవిడే తుడిచి, అప్పుడు రాయమనేవారు. ఆషాఢంలో రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు కూడా ఎవరైనా వచ్చారా అనే అడిగారు. వానలండీ, వానల్లో ఎవరొస్తారు అన్నాను. అవునవును అని తల ఊపారు. వైజాగ్ నుంచి మేనల్లుడు వచ్చి కార్యక్రమాలన్నీ చేసి, ఇంటికి తాళం వేసి వెళ్ళాడు.

ఇప్పుడు ఈ మెయిల్.

ఆదివారం సైకిలేసుకుని తాల్‌బగీచా వెళ్ళాను. గోడలో ఇటుక జాగా నల్లగా, ఖాళీగా ఉంది. చెయ్యి లోపలికి పెట్టి చూశాను. ఎవరో ఎత్తుకుపోయారనుకున్నాను. ఎదురింటి గుమ్మంలోంచి అప్పలనర్సమ్మ పిన్ని కేక వేసింది.

"దానికోసమేనా? నా దగ్గరున్నాది, రా."

వాన మొదలైతే ఎండబెట్టిన బట్టలూ వడియాలూ లోపలికి తెచ్చుకున్నట్టే, డబ్బాను కూడా తెచ్చి లోపల పెట్టిందట. ఆషాఢంలోనే, టీసీ గారు ఆసుపత్రిలో ఉండగా. టీసీ గారు పోయాక తిరిగి పెట్టబుద్ధి కాలేదట. వంటింటి అలమరలో, దేవుడి పటాల పక్కన, శుభ్రంగా తుడిచి పెట్టి ఉంది. మూతకు చిన్న పసుపు బొట్టు. వచ్చినవాళ్ళు గోడంతా వెతికి వెళ్ళిపోతుంటే గుమ్మంలోంచి చూసిందట గానీ, సాయం చేయకూడదని టీసీ అమ్మ గట్టిగా చెప్పింది కదా అని నోరు మెదపలేదట. తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు నాకు.

మెయిల్ సంగతి చెప్పాను. పిన్ని డబ్బా మూతను కొంగుతో తుడిచింది.

"ఆవిడ నేదని ఎందుకు రాయడం? నీకు నెంబరు తెలుసు గదా, ఉన్నాదని రాసెయ్యి. డబ్బా రేపే గోడలో ఎట్టేత్తాను. ఎవులికి తెలుత్తాది? ఉన్నట్టే ఉంతాది ఆవిడ."

నిజం చెప్పాలంటే, నేను అక్కడికి వెళ్ళింది ఎవరో ఒకరు ఆ మాట అంటారనే. ఫోన్ తీసి ఆవిడ అకౌంట్ తెరిచాను. ఆవిడ బొమ్మ ఉండాల్సిన చోట ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం ఫోటో. ఒక్క వాక్యం రాస్తే చాలు. వేలు బటన్ మీద పెట్టాను. అప్పుడు ఆవిడ కోపాల్లోకెల్లా పెద్ద కోపం గుర్తొచ్చింది. టికెట్ లేనివాళ్ళను ఆవిడ విసుక్కునేవారు, అంతే. ఒకరి పాస్ మీద ఇంకొకరు ప్రయాణం చేస్తే మాత్రం క్షమించేవారు కాదు. "టికెట్టు నేనోడు రైల్వేని మోసం సేత్తాడు. ఈడు ఇంకో మనిసినే వాడేత్తన్నాడు" అనేవారు. చచ్చిపోయిన తండ్రి పాస్ మీద వచ్చిన ఒక పెద్దమనిషి కథ చెప్పేటప్పుడు ఆవిడకు నిజంగానే కళ్ళు ఎర్రబడేవి.

అకౌంట్ మూసేశాను. నా పేరుతో లోపలికి వెళ్ళాను.

"ఆవిడ లేరని రాయొద్దంటావా పిన్నీ?" అన్నాను. పిన్ని అలమర వైపు చూసింది. "రాయి. అబద్ధం రాత్తే ఆవిడ కల్లోకొచ్చి ఫైనేత్తాది" అంది, ముక్కు చీదుకుంటూ.

ఉన్నదున్నట్టు రాశాను. ఈ డబ్బా ఓనర్ శ్రావణ మాసంలో చనిపోయారు. డబ్బా గోడలో లేదు, ఎదురింటివారి దగ్గర భద్రంగా ఉంది. దయచేసి ఆర్కైవ్ చేయండి. ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ ఆవిడ తరఫున కృతజ్ఞతలు. మీరు వచ్చినప్పుడు ఆవిడ ఇంట్లోనే ఉండేవారు. ఆ చివరి వాక్యం ఎందుకు రాశానో నాకే తెలియదు, తీసేద్దామనుకుని తీయలేదు. మర్నాటికి రివ్యూయర్ సంతాపం తెలిపి, పేజీ మూసేశాడు. మ్యాపు తెరిచి చూశాను. తాల్‌బగీచాలో ఏమీ లేదు. లైబ్రరీలో ఎవరూ చూడకుండా పుస్తకాల అరల మధ్యకు వెళ్ళి ఏడ్చాను.

మూసేసిన పేజీ మ్యాపులో కనబడదు కానీ, తెలిసినవాళ్ళు దాని మీద ఇంకా రాయవచ్చు. ఆ వారమంతా రాశారు. జంషెడ్‌పూర్ నుంచి ఒకరు, భువనేశ్వర్ నుంచి ఒకరు, క్యాంపస్‌లోనే చదివి వెళ్ళిపోయినవాళ్ళు కొందరు. అట్ట టికెట్ ఇప్పటికీ పర్సులో ఉందని ఒకమ్మాయి రాసింది. చివరగా కలకత్తా పెద్దాయన రాశాడు. ఫోన్ పట్టుకుని నేరుగా పిన్ని ఇంటికి వెళ్ళి, గుమ్మం పక్కన కూర్చుని, తెలుగులో చదివి వినిపించాను.

మొదటిసారి వచ్చినప్పుడు మాకు డబ్బా తొందరగానే దొరికింది, అని రాశాడాయన. వెతుకుతున్నప్పుడు కిటికీ తెర వెనక ఎవరో నవ్వు ఆపుకోవడం వినబడింది. మా చెయ్యి దగ్గరకు వెళ్ళినప్పుడల్లా ఊపిరి బిగబట్టడం వినబడింది. ఆ భాష మాకు తెలియదు, సంతోషం మాత్రం తెలిసింది. డబ్బా దొరకగానే లోపల అంతా నిశ్శబ్దమైపోయింది. ఇంత తొందరగా దొరికించుకోకుండా ఉండాల్సిందని రైల్లో నా భార్య బాధపడింది. సంతకం కోసం మళ్ళీ రమ్మని ఓనర్ రాసినప్పుడు నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజం. నా భార్యే వెళ్దామంది. రెండోసారి మాకు చోటు తెలుసు. అయినా గోడంతా తిరిగాం. ఇక చాలు కదా అని నేనంటే, ఆగండి, ఆవిడ ఇంకా నవ్వుతోంది అని నా భార్య అంది.

చదవడం అయిపోయింది. పిన్ని ముఖమంతా నవ్వు పాకింది.

"ఓర్నాయనో! తెలిసే ఎతికినారా!" అని చేతులు చరిచింది. "ఉండు, ఈ మాట బేగెల్లి టీసీ అమ్మకి సెప్పాల" అంటూ కొంగు బిగించి లేచి, గుమ్మం దాటి, వీధిలోకి రెండడుగులు వేసి ఆగిపోయింది.

అప్పటికే నేనూ లేచి చెప్పులు వేసుకుంటున్నాను.